మింగిందెంత, ఒంటబట్టిందెంత

మెడికల్ షాపులో అమ్మే బి12 మాత్రల అట్ట తిప్పి చూస్తే వెనకాల 1500 మైక్రోగ్రాములు అని ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు కావాల్సింది రెండు మైక్రోగ్రాములకు కాస్త అటూఇటూ. అంటే అవసరానికి ఏడొందల రెట్లు ఒక్క మాత్రలో కూరారన్నమాట. కంపెనీవాళ్ళు ఉదారంగా పోశారని మురిసిపోనక్కర్లేదు. ఆ మాత్రలో చాలా భాగం ఒంటబట్టదని వాళ్ళకు ముందే తెలుసు.

తిండిలో వచ్చే బి12ను అందుకోవడానికి ఒంట్లో ఒక ప్రత్యేక ఏర్పాటుంది. జీర్ణాశయం గోడల్లో పుట్టే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీను దాన్ని చెయ్యి పట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్తుంది. అక్కడ లోపలికి తీసుకునే ద్వారాలు కొన్నే. ఒక విడతకు ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములు చేరేసరికి అవి నిండిపోతాయి. మళ్ళీ ఖాళీ కావాలంటే గంటలు పడుతుంది. మిగిలిన దాంట్లో నూటికి ఒక వంతు మాత్రం ఎవరి సాయమూ లేకుండా పేగు గోడ దాటుతుంది. 1500లో ఒక శాతం 15. మాత్ర మీద అంత పెద్ద అంకె ఎందుకుందో చెప్పే లెక్క అదే. తక్కినదంతా మూసీ పాలు.

పోషకాల మాత్రలైనా, బరువు తగ్గించే మందులైనా, కొత్త ఆవిష్కరణ అని పేపర్లో పడ్డ ప్రతిసారీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇక్కడే ఉంది. డబ్బా మీద రాసేది మింగేదెంతో. పనిచేసేది ఒంటబట్టేదెంతో. ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని తగ్గించడమే ఈ రంగంలో అసలైన కనిపెట్టడం. మిగతాదాంట్లో చాలా మటుకు రంగు, రుచి, అట్టపెట్టె.

బి12 కథనే ఇంకాస్త ముందుకు తీసుకెళ్దాం. ఎమిస్ఫియర్ అనే అమెరికా కంపెనీ ఈ ఒక్క శాతం గోల తప్పించడానికి సాల్కాప్రోజేట్ సోడియం అనే పదార్థాన్ని వాడింది. పొట్టి పేరు స్నాక్. 1000 మైక్రోగ్రాముల బి12కు 100 మిల్లీగ్రాముల స్నాక్ కలిపి మాత్ర చేశారు. బి12ను ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌తో పని లేకుండా లోపలికి దాటించే పడవ అది. మాత్ర అమెరికాలో అమ్మకానికి వచ్చింది, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మామూలు బి12 అంత చవగ్గా దొరుకుతుంటే పడవ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

అదే పడవను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్, షుగరునూ ఆకలినీ తగ్గించే సెమాగ్లూటైడ్ అనే మందు కోసం బాడుగకు తీసుకుంది. అప్పటిదాకా సూదితోనే ఇచ్చే ఆ మందు 2019 సెప్టెంబరులో మాత్రగా అమెరికాలో అనుమతి పొందింది. పేరు రైబెల్సస్. 2022 జనవరిలో మన దేశానికీ వచ్చింది. మందు 3, 7 లేదా 14 మిల్లీగ్రాములు. ప్రతి మాత్రలోనూ దాని పక్కన 300 మిల్లీగ్రాముల స్నాక్. బరువు చూస్తే మాత్రలో మందు కన్నా పడవే ఎక్కువ. 2020లో నోవో నార్డిస్క్ బాడుగ బేరం మానేసి, మొత్తం 180 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఎమిస్ఫియర్‌నే కొనేసింది. ఆకలి చంపే మందుకు తోడుగా వెళ్ళేదాని పేరు స్నాక్ కావడం మాత్రం రసాయనశాస్త్రం ఆడిన పరాచికం.

ఈ మాత్ర పనిచేసే తీరు విచిత్రంగా ఉంటుంది. మామూలు మాత్రలు పేగుల్లో కరిగి ఒంటబడతాయి. ఇది జీర్ణాశయంలోనే, ఒకచోట గోడకు ఆనుకుని మెల్లగా అరుగుతుంది. అరిగిన చోట స్నాక్ చుట్టుపక్కల ఆమ్లాన్ని కాసేపు చల్లార్చుతుంది, ప్రొటీన్లను ముక్కలు చేసే పెప్సిన్‌ను పని చెయ్యనివ్వదు, ఆ సందులో సెమాగ్లూటైడ్ గోడ దాటుతుంది. ఇంత చేసినా దాటేది ఒక శాతం లోపే. ఆ ఒక శాతం కోసం షరతులు కూడా గట్టివే. పరగడుపున మింగాలి. నీళ్ళు అరగ్లాసు, అంటే 120 మిల్లీలీటర్లు మించకూడదు. తరువాత అరగంట దాకా తిండీ వద్దు, వేరే మాత్రా వద్దు, చాయ్ కూడా వద్దు. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూనే చాయ్ గ్లాసు అందుకునే హైదరాబాదుకు ఈ ఆఖరి షరతు కాస్త కఠినమైనదే. చాయ్ తాగి మాత్ర వేసుకుంటే మందు ధర మొత్తం కట్టి మందు లేకుండా ఉన్నట్టే.

అసలు సెమాగ్లూటైడ్‌ను మాత్రలో పెట్టడం ఎందుకంత కష్టం? అది పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీను ముక్క. 31 అమైనో ఆమ్లాల దండ. నోట్లో వేసుకుంటే కడుపు దాన్ని కోడిగుడ్డులాగే చూస్తుంది, అరిగించేస్తుంది. నిజానికి అది అనుకరించే అసలు హార్మోనుకు రక్తంలో కూడా భద్రత లేదు. అన్నం తిన్నాక మన పేగులే జీఎల్‌పీ-1 అనే హార్మోను వదులుతాయి. ఇన్సులిన్‌ను పెంచి, జీర్ణాశయాన్ని నెమ్మదింపజేసి, ఇక చాలని మెదడుకు చెప్పేది అదే. డీపీపీ-4 అనే ఎంజైము దాన్ని రెండు నిమిషాల్లో సగానికి తెచ్చేస్తుంది. రెండు నిమిషాలు బతికే పదార్థాన్ని మందుగా ఎలా అమ్ముతారు?

మొదటి జవాబు ఒక బల్లి నోట్లో దొరికింది. అమెరికా ఎడారుల్లో తిరిగే గిలా మాన్‌స్టర్ విషంలో జీఎల్‌పీ-1ను పోలిన పదార్థం ఉందని, అది అంత తేలిగ్గా ముక్కలు కాదని జాన్ ఎంగ్ అనే డాక్టరు 1990ల మొదట్లో తేల్చాడు. ఎక్సెనటైడ్ పేరుతో అది 2005లో మందయింది. రోజుకు రెండు సూదులు. తరువాత లిరాగ్లూటైడ్, రోజుకు ఒకటి. ఆ తరువాత సెమాగ్లూటైడ్, వారానికి ఒకటి. రెండు నిమిషాల నుంచి వారానికి వచ్చిన ఈ ప్రయాణంలో ఆకలి గురించి కొత్తగా తెలిసింది తక్కువ. రవాణా గురించి తెలిసిందే ఎక్కువ. సెమాగ్లూటైడ్‌లో ఎంజైము కొరికే చోట ఉన్న ఒక అమైనో ఆమ్లాన్ని మార్చారు, కొరకడం కుదరదు. ఇంకోచోట పొడుగాటి కొవ్వు తోక తగిలించారు. రక్తంలో ఎప్పుడూ తిరుగుతుండే అల్బుమిన్ అనే ప్రొటీనును ఆ తోక పట్టుకు వేలాడుతుంది, ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాడిలా. బస్సు తిరిగినన్నాళ్ళు తానూ తిరుగుతుంది.

ఫలితం అందరికీ తెలిసిందే. వారానికి 2.4 మిల్లీగ్రాముల సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్ళు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు, ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్ళు 2.4 శాతం. ఎలీ లిల్లీ తెచ్చిన టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే మరో హార్మోను తలుపు కూడా తడుతుంది. పై మోతాదులో 72 వారాలకు 20.9 శాతం. ఇంతకు ముందు ఏ బరువు మందూ ఈ దరిదాపులకు రాలేదు. బజారుకు వచ్చిన పాతవాటిలో కొన్ని ప్రాణాల మీదికి తెచ్చాయి కూడా. సిబూట్రమిన్ గుండెకు చేటని తేలాక 2011లో మన దేశం నిషేధించింది.

ఇప్పుడు మళ్ళీ లెక్క. 2025 డిసెంబరులో అమెరికా 25 మిల్లీగ్రాముల సెమాగ్లూటైడ్ మాత్రను బరువు తగ్గడానికి అనుమతించింది. రోజుకొకటి చొప్పున వారానికి 175 మిల్లీగ్రాములు. సూదిలో అదే పనికి 2.4. అంటే డెబ్బై రెట్లకు పైగా మందు తయారుచేసి, అందులో దాదాపు అంతా కడుపులోనే అరిగిపోవడానికి పంపుతున్నాం. సూదంటే భయపడేవాళ్ళ కోసం కట్టే మూల్యం ఇది.

ఈ లెక్క హైదరాబాదు పారిశ్రామికవాడలు బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరుల నోట్లో నీళ్ళూరిస్తుంది. మందుల ముడిసరుకు ఈ ఊరి కులవృత్తి లాంటిది. 1960లలో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ పెట్టారు. ఫ్యాక్టరీ వెలుగు తగ్గినా ఐడీపీఎల్ చౌరస్తా పేరు మాత్రం పోలేదు. అక్కడ పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. మురళి దివి 1990లో దివీస్ పెట్టారు. నోవో నార్డిస్క్ సెమాగ్లూటైడ్‌కు కావాల్సిన పెప్టైడ్‌ను ఈస్టుతో పెంచుతుంది. జెనెరిక్ తయారీదారులు ఎక్కువగా రసాయనాలతో, అమైనో ఆమ్లాలను పూసలు గుచ్చినట్టు ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతారు. ఒక్కో పూస గుచ్చాక కడగాలి, మళ్ళీ గుచ్చాలి, మళ్ళీ కడగాలి. గుచ్చే ముందు ప్రతి పూసకూ పక్కల అంటుకోకుండా రసాయన తొడుగు వెయ్యాలి; అలా తొడుగు వేసిన అమైనో ఆమ్లాలు అమ్మడం దివీస్ చేసే వ్యాపారాల్లో ఒకటి. కడిగిన ద్రావకం ఎక్కడికి పోతుందన్నది వేరే ప్రశ్న. పటాన్‌చెరు చెరువుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన సంగతి తెలిసినవాళ్ళు దాన్ని అడక్కుండా ఉండలేరు.

కోర్టుల సంగతి వచ్చింది కాబట్టి పేటెంటు మాట. భారత్‌లో సెమాగ్లూటైడ్ మీద మొదటి పేటెంటు, దాన్ని పోలిన పదార్థాల పెద్ద కుటుంబం మొత్తానికి తీసుకున్నది, 2024 సెప్టెంబరులో ముగిసింది. ఆ కుటుంబంలోంచి ఈ ఒక్క పదార్థానికి విడిగా తీసుకున్న రెండోదాని గడువు 2026 మార్చి 20. ఒకసారి కంచె వేసిన పొలంలోనే ఒక మడికి మళ్ళీ కంచె వెయ్యొచ్చా అన్నదే గొడవ. 2025 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు రెండో పేటెంటు చెల్లుబాటు మీద ప్రాథమికంగా సందేహం వెలిబుచ్చుతూ, పేటెంటు లేని దేశాలకు డాక్టర్ రెడ్డీస్ తయారుచేసి పంపుకోవడాన్ని ఆపడానికి నిరాకరించింది. అటు లిల్లీ కూడా అదే ఏడాది అక్టోబరులో, భారత్‌లో వంద కోట్ల డాలర్లకు పైగా పెడతామనీ, తయారీ, నాణ్యత చూసుకునే కేంద్రాన్ని హైదరాబాదులో పెడతామనీ ప్రకటించింది. పోటీదారులిద్దరికీ కావాల్సిన మనుషులు ఈ ఊళ్ళోనే ఉన్నారు.

పేటెంటు విషయంలో జనానికి ఒక భ్రమ ఉంది. సప్లిమెంటు డబ్బా మీద పేటెంటు పొందిన ఫార్ములా అని మెరుపు అక్షరాలతో ఉంటే, ప్రభుత్వం పరీక్షించి పనిచేస్తుందని ముద్ర వేసిందనుకుంటారు. పేటెంటు ఆఫీసు చూసేది ఇది కొత్తదా, ఈ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేదా, తయారుచెయ్యడానికి వీలవుతుందా అన్న మూడే. మీ నడుము కొలత తగ్గుతుందా లేదా అన్నది వాళ్ళకు పట్టదు. మన చట్టంలో ఇంకో మెలిక కూడా ఉంది. సెక్షన్ 3(ఈ) కింద, ఉన్నవాటిని ఉత్తినే కలిపితే పేటెంటు రాదు; కలిపాక విడివిడిగా లేని గుణం ఏదో పుట్టాలి. సెక్షన్ 3(డీ) కింద, పాత మందుకే కొత్త రూపమిస్తే దాని ప్రభావం పెరిగినట్టు చూపాలి. 2013లో నోవార్టిస్ క్యాన్సర్ మందు గ్లివెక్ ఇక్కడే బోల్తాపడింది. ఒంటబట్టే శాతం పెరిగినంత మాత్రాన జబ్బు మీద ప్రభావం పెరిగినట్టు కాదు, దాన్ని విడిగా రుజువు చెయ్యాలని సుప్రీంకోర్టు అన్నది అప్పుడే. డబ్బాలు కొనేవాళ్ళు కూడా ఈ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

పసుపు క్యాప్సూళ్ళు దీనికి సరైన ఉదాహరణ. కర్క్యుమిన్ నోటితో ఇస్తే రక్తంలో దాదాపు కనిపించదు. 1998లో బెంగళూరు పరిశోధకులు రెండు గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల మిరియాల సారం, అంటే పైపరిన్, కలిపి ఇచ్చి చూస్తే ఒంటబట్టడం ఇరవై రెట్లు పెరిగింది. 2000 శాతం అన్న అంకె అప్పట్నుంచి ప్రపంచంలోని పసుపు డబ్బాలన్నిటి మీదా ఊరేగుతోంది. సున్నాకు ఇంచు దూరంలో ఉన్నదాన్ని ఇరవై రెట్లు చేసినా అది ఎంతవుతుందో ఎవరూ రాయరు. పైగా పైపరిన్ ఈ పని చేసేది కాలేయంలో కాపలావాణ్ని పక్కకు లాగి. కాపలా లేని తలుపులోంచి పసుపొక్కటే పోదు. వేసుకునే వేరే మందులు కూడా మోతాదు మించి ఒంట్లో నిలబడొచ్చు. ఇలాంటి పసుపు సప్లిమెంట్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికా డాక్టర్లు నమోదు చేశారు. చారులో దంచి వేసిన నాలుగు మిరియాలకూ దీనికీ సంబంధం లేదు, భయపడకండి.

లైపోసోమల్ అన్న మాట కూడా ఇప్పుడు విటమిన్ సి దగ్గర్నుంచి ఐరన్ దాకా అన్నిటికీ అతికిస్తున్నారు. మందును సన్నటి కొవ్వు బుడగలో పెట్టి పంపడం మంచి శాస్త్రమే. 2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కోసం గాంధీ, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రుల చుట్టూ రోగుల బంధువులు ఎంత తిరిగారో ఈ ఊరు మర్చిపోలేదు. అయితే ఆ బుడగలు నేరుగా రక్తనాళంలోకి వెళ్ళేవి. నోటితో వెళ్ళే బుడగలకు దారిలో పైత్యరసం ఎదురవుతుంది, కొవ్వును విడగొట్టడమే దాని ఉద్యోగం. కొన్ని తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోలేవు. డబ్బా మీద బుడగ బొమ్మ చూసి ఏది ఏదో చెప్పలేం.

పోషకాన్ని ఒంటబట్టించడంలో గొప్ప పని చూడాలంటే షాపు షెల్ఫు వదిలి తార్నాక వెళ్ళాలి. జాతీయ పోషకాహార సంస్థ, ఊళ్ళో అందరూ ఎన్ఐఎన్ అనేది, 1918లో కూనూరులో బెరిబెరి మీద చిన్న పరిశోధన విభాగంగా పుట్టి 1958లో ఇక్కడికి వచ్చింది. సి. గోపాలన్ సారథ్యంలో 1960లలో అక్కడివాళ్ళ ముందున్న సమస్య, విటమిన్ ఎ లేక పసిపిల్లలకు చూపు పోవడం. రోజూ మాత్ర ఇద్దామంటే పల్లెలకు రోజూ వెళ్ళేవాళ్ళు లేరు. వాళ్ళు చూసింది కాలేయం వైపు. విటమిన్ ఎ కొవ్వులో కరిగేది, మిగిలిందాన్ని కాలేయం దాచుకుంటుంది. అయితే ఆరు నెలల సరుకు ఒక్కసారే ఇచ్చేస్తే? రెండు లక్షల యూనిట్లు, రెండు మిల్లీలీటర్ల నూనె మందు, చెంచాతో. నెమ్మదిగా విడుదలయ్యే క్యాప్సూలు తయారుచెయ్యనక్కర్లేదు, పిల్లాడి కాలేయమే ఆ క్యాప్సూలు. 1970లో అది దేశమంతటికీ కార్యక్రమమైంది, ఇప్పటికీ తొమ్మిదో నెల టీకాతో పాటు లక్ష యూనిట్లతో మొదలుపెడతారు. తీవ్రమైన లోపం తగ్గాక అందరికీ ఇంత మోతాదు ఇంకా ఎందుకని గోపాలనే తరువాతి రోజుల్లో ప్రశ్నించారన్నది కూడా చెప్పుకోవాలి.

అదే సూత్రం మీద నడిచేది ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉండే డి విటమిన్ 60,000 యూనిట్ల సాచెట్. వారానికి ఒకటి. వారానికి అన్న మాట చీటీలో సరిగ్గా కనబడక రోజూ వేసుకుంటూ పోయి, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. గోదాము పెద్దదైనంత మాత్రాన దానికి హద్దు లేకపోలేదు.

ఉప్పు కథ ఇంకా ముచ్చటైనది. అయోడిన్ ఉప్పు సరే, అందులోనే ఐరన్ కూడా వేస్తే? తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఉప్పు లేని వంటిల్లు లేదు. కానీ ఐరనూ అయోడినూ ఒకే సంచిలో ఇమడవు. తేమ తగలగానే ఐరన్ తుప్పు రంగుకు మారుతుంది, అయోడిన్ ఆవిరై పోతుంది. ఎన్ఐఎన్ వాళ్ళు సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ అనే పదార్థంతో ఐరన్‌ను కట్టిపడేశారు. టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో దారి పట్టి ఐరన్ రేణువు చుట్టూ కొవ్వు పొర వేసి, పైన తెల్లరంగు పూసి ఉప్పు రవ్వలా కనిపించేట్టు చేశారు. ఆలోచన రెండు చోట్లా ఒకటే, దెబ్బలాడుకునే ఇద్దర్ని విడివిడి గదుల్లో ఉంచడం. ఇంత చేశాక అడ్డం పడింది రసాయనం కాదు, వంటచేసేవాళ్ళ కన్ను. కూర రంగు మారుతోందన్న ఫిర్యాదు ఈ ఉప్పును వదల్లేదు.

ఐరన్ మాత్రల విషయంలో ఇటీవల వచ్చిన మంచి మార్పుకు ఫ్యాక్టరీతో పనే లేదు. ఐరన్ ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను పెంచి దాదాపు ఒక రోజు పాటు తలుపు వేసేస్తుంది. మర్నాడు వేసిన మాత్ర మూసిన తలుపుకు తగులుతుంది. జ్యూరిక్ పరిశోధకులు రోజు విడిచి రోజు ఇచ్చి చూస్తే, ఒక్కో మాత్రలోంచి ఒంటబట్టే భాగం 16 శాతం నుంచి దాదాపు 22 శాతానికి పెరిగింది. కడుపులో మంట కూడా తక్కువ. పేటెంటు లేదు, కొత్త పదార్థం లేదు, క్యాలెండరు చాలు. గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్ర సంగతి వేరు, అది ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం రోజూ వేసుకోవాల్సిందే. ఆ మాత్రలో ఐరన్ పక్కనే ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందమే. అయితే ఏ ఐరన్ మాత్రనైనా చాయ్‌తో మింగితే ఒంటబట్టేది బాగా తగ్గిపోతుంది. నిమ్మరసంతో మింగితే లాభం.

ఇక ఒంటబట్టించడానికి బదులు ఒంటబట్టకుండా చెయ్యడమే పనిగా పెట్టుకున్న మందులున్నాయి. ఆర్లిస్టాట్ పేగుల్లో కొవ్వును విడగొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. తిన్న కొవ్వులో సుమారు 30 శాతం లోపలికి పోకుండా కిందికి జారిపోతుంది. శనివారం రాత్రి బిర్యానీ తిని ఈ మాత్ర వేసుకున్నవాళ్ళకు ఆదివారం పొద్దున ఆ 30 శాతం ఎక్కడికి పోయిందో తెలిసొస్తుంది. కొవ్వుతో పాటు అందులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా జారిపోతాయి కనుక దీనితో పాటు మల్టీవిటమిన్ వేసుకోమంటారు, అదీ రెండు గంటలు ఎడంగా, వీలైతే పడుకునేముందు. ఒక మాత్ర తలుపు మూస్తుంటే ఇంకో మాత్రను వేరే వేళలో లోపలికి పంపడం అన్నమాట.

2019లో అమెరికా అనుమతించిన ప్లెనిటీ ఇంకా తమాషా. సెల్యులోజు, నిమ్మ ఉప్పు కలిపి చేసిన రేణువుల క్యాప్సూళ్ళు మూడు, అరలీటరు నీళ్ళతో, భోజనానికి ముందు. సబ్జా గింజల్లా ఉబ్బి కడుపులో చోటు తినేస్తాయి. ఏదీ ఒంటబట్టదు కాబట్టి దాన్ని మందుగా లెక్కెయ్యలేదు, వైద్య పరికరంగా అనుమతించారు. బరువు 6.4 శాతం తగ్గింది. ఉత్తుత్తి క్యాప్సూళ్ళతో 4.4. తేడా రెండు శాతం. వారానికో సూదితో పదిహేను శాతం తగ్గే కాలంలో రెండు శాతాన్ని ఎవరు కొంటారు? కంపెనీ 2023లో దివాలా తీసింది. అదే ఏడాది ఎంఐటీవాళ్ళు కడుపులో వణికే క్యాప్సూలు చేశారు. ఆ వణుకుకు కడుపు నిండిందని మెదడు మోసపోయి, పందులు 40 శాతం తక్కువ తిన్నాయి. మనుషుల దాకా ఎప్పుడొస్తుందో చూడాలి.

షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే కొవ్వు కరిగించే పొడుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గార్సీనియా, అంటే మలబారు చింత సారం, 1998లోనే 135 మంది మీద పన్నెండు వారాలు పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా ఏమీ చెయ్యలేదు. నిజంగా చప్పున బరువు తగ్గించే మూలికల పొడి దొరికిందంటే సంతోషించే ముందు అనుమానించాలి. నిషేధించిన సిబూట్రమిన్‌ను చెప్పాపెట్టకుండా కలిపిన మూలికా సరుకును అమెరికా అధికారులు పట్టుకుని హెచ్చరించిన సందర్భాలు బోలెడు. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటే చట్టం దృష్టిలో అది తిండి. వైద్యానికి కాదన్న హెచ్చరిక కూడా ఆ డబ్బా మీదే, చిన్న అక్షరాల్లో ఉండాలి. మందైతే డ్రగ్ లైసెన్సు నంబరు, డాక్టరు చీటీతోనే అమ్మాల్సిన మందైతే ఎర్ర గీత కూడా కనిపిస్తాయి. ముందువైపు రంగుల బొమ్మ కన్నా వెనకవైపు ఈ రెండు లైన్లు ఎక్కువ చెబుతాయి.

కొత్త సూదులు సప్లిమెంట్ల అవసరాన్ని తగ్గించకపోగా పెంచుతున్నాయి. సెమాగ్లూటైడ్ పరీక్షలో కొందరికి స్కాన్ తీసి చూస్తే, తగ్గిన బరువులో పదింట దాదాపు నాలుగు వంతులు కొవ్వు కాదు, కండ లాంటి భాగం. తిండి సగమైతే ప్రొటీను, ఐరన్, బి12 కూడా సగమవుతాయి. అన్నం ఎక్కువ, పప్పు తక్కువ తినే మన కంచంలో ప్రొటీను ముందే అంతంతమాత్రం. సూది మానేస్తే ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. కండ కూడా అంతే ఖచ్చితంగా తిరిగొస్తుందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఇంకో చిక్కు, ఈ మందులు జీర్ణాశయాన్ని నెమ్మదింపజేస్తాయి కనుక వేరే మాత్రల దారి కూడా మారుతుంది. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడూ మోతాదు పెంచినప్పుడూ నాలుగు వారాల పాటు గర్భనిరోధక మాత్రనే నమ్ముకోవద్దని, ఇంకో జాగ్రత్త కూడా తీసుకోమని దాని సూచనల్లోనే ఉంది. సెమాగ్లూటైడ్ మాత్రతో కలిస్తే థైరాయిడ్ మాత్ర మూడో వంతు ఎక్కువగా ఒంటబడుతుంది.

కాబట్టి యాభై దాటిన, థైరాయిడ్, షుగరు, రక్తహీనత మూడూ ఉన్న ఒక ఇల్లాలి పొద్దు ఎలా నడుస్తుందో ఊహించండి. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఆరింటికి లేచి అరగ్లాసు నీళ్ళతో సెమాగ్లూటైడ్ మాత్ర. ఆరున్నరకు థైరాయిడ్ మాత్ర, అది కూడా పరగడుపునే. ఐరన్ థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఉండాలి, కనుక పదకొండింటికి, అదీ రోజు విడిచి రోజు, నిమ్మరసంతో. కాల్షియం రాత్రి భోజనంతో. డి విటమిన్ ఆదివారం, కాస్త నెయ్యి పడ్డ అన్నం తిన్నాక. రెండు నెలలకోసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష, మోతాదు సరిచూసుకోవడానికి. ఆరింటికే పొయ్యి మీద పెట్టిన చాయ్ ఆవిడ చేతికి ఏడున్నరకు గానీ రాదు.